గీకి, ఊడ్చి, పరిచి: వీధి రోడ్డు పని డైరీ

పనికి ముందు వారం

రంగు డబ్బా పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. ఈ పనికి నేను సైట్ సూపర్‌వైజర్‌ని. పాత తారు గీకేసి కొత్త పొర వేయడం అనేది పేరుకు ఒక్క పనే గానీ, లోపల అరడజను పనులుంటాయి. వీధిలో ఉండేవాళ్ళకు ఏ రోజు ఏం జరుగుతుందో, ఏ రోజు నిజంగా ఇబ్బంది పడతారో తెలిస్తే సగం గొడవలు ఉండవని నా నమ్మకం. అందుకే ఈసారి రోజువారీ పుస్తకంలో నాకోసం రాసుకునే లెక్కలతో పాటు, ఇళ్ళవాళ్ళకు చెప్పాల్సినవి కూడా రాస్తున్నాను.

ఇవాళ గీసిన గుర్తులు మూడు రకాలు. గుండ్రంగా ఉన్నవి మ్యాన్‌హోళ్ళు, వాల్వు మూతలు. అడ్డగీతలు మిల్లింగ్, అంటే మెషిన్‌తో పాత తారు గీకడం, మొదలయ్యే, ఆగే చోట్లు. చతురస్రాలు మాత్రం నాకు ముఖ్యం. రోడ్డు మీద ఒక్క పగులు నిలువుగా పోతే అంత భయం లేదు. చక్రాలు పడే దారిలో చిన్న చిన్న గళ్ళుగా పగిలి, కాలితో నొక్కితే ముక్కలు కదులుతుంటే మాత్రం కింద కంకర పొర మెత్తబడిందని అర్థం. దానిమీద ఎంత మంచి తారు వేసినా అదే చోట అదే గళ్ళు పైకి తేలతాయి. అలాంటి చోట చతురస్రంగా కోసి, కింది దాకా తవ్వి, కంకర మళ్ళీ వేసి దిమ్మిసా చేయాలి. మీ ఇంటి ముందు చతురస్రం పడిందంటే సంతోషించండి. పక్కింటాయన ముందు పడలేదని ఆయన బాధపడాల్సిన పని కూడా లేదు.

ఇంకో ముఖ్యమైన పని భూమి లోపలి వాళ్ళ సంతకాలు. నీటి పైపులు, మురుగు లైను, కేబుళ్ళు, ఎవరెవరికి ఈ వీధిలో తవ్వకం పని మిగిలి ఉందో వాళ్ళంతా ముందే కానిచ్చుకోవాలి. కొత్త రోడ్డుకు వానకంటే, లారీకంటే పెద్ద శత్రువు వేసిన నెలలో వచ్చే గునపం. కోసి పూడ్చిన పట్టీ ఎంత శ్రద్ధగా పూడ్చినా దాని అంచుల వెంట నీళ్ళు దిగుతాయి. అందుకని ప్రతి గేటు దగ్గరా అడిగాను: కొత్త కనెక్షనుగానీ, పైపు మార్పుగానీ అనుకుంటున్నారా అని. చాలామంది లేదన్నారు. ఒక పెద్దాయన మాత్రం, "పైన వాటా కడదామనుకుంటున్నాం బాబూ, కానీ వచ్చే ఏడాది" అన్నారు. పైపు మాత్రం ఇప్పుడే రోడ్డు దాటించి, మూత బిగించి ఉంచుకోండి, ఇల్లు ఎప్పుడైనా కట్టుకోవచ్చు అని చెప్పాను. ఒప్పుకున్నారు.

నోటీసు

నోటీసులు రాయడంలో నాకు కొన్ని పట్టుదలలున్నాయి. "ఫలానా తేదీన రోడ్డు పని" అని ఒక్క ముక్క రాసి గేటుకు అంటిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఆ తేదీన వాన వస్తే నోటీసు అబద్ధం అవుతుంది, మరుసటి నోటీసును ఎవరూ నమ్మరు. అందుకే ఒక్కో దశకు మొదటి తేదీ, వాన పడితే మారే తేదీ రెండూ రాశాను. కార్లు ఏ రోజు ఎన్ని గంటలకు వీధి బయట పెట్టుకోవాలి, ఏ గంట నుంచి ఏ గంట దాకా గేటులోంచి బండి బయటికి రాదు, చెత్త బండి ఆ రోజు ఏ మూలదాకా వస్తుంది, అత్యవసరమైతే సైట్‌లో ఎవరిని పిలవాలి అన్నవి పెద్ద అక్షరాల్లో. మంచానికి పరిమితమైనవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళు, వారంలో ఇన్నిసార్లని డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు ఉంటే ముందే చెప్పమని కూడా రాశాను. ఆ ఇళ్ళ ముందు పని ఏ గంటకు జరగాలో వాళ్ళ సమయాన్ని బట్టి సర్దుకోవచ్చు, చెప్తే.

నోటీసు చూసిన ఒక అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు. వంద మీటర్ల వీధికి మూడు వారాలెందుకని. లెక్క వేసి చూపించాను. వంద మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం అంటే 24 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు దాదాపు 2.4 టన్నుల చొప్పున 58 టన్నుల లోపు. పదిహేను టన్నుల టిప్పర్లు నాలుగు వస్తే సరిపోతుంది. తారు పరచడానికి నిజంగానే ఒక్క పూట చాలు. మిగతా రోజులన్నీ ఆ పూట కోసమే.

గీకుడు

పొద్దున్నే మిల్లింగ్ మెషిన్ దిగింది. దాని పొట్ట కింద ఒక డ్రమ్ము, డ్రమ్ము నిండా కార్బైడ్ పళ్ళు. డ్రమ్ము తిరుగుతుంటే పళ్ళు రోడ్డును చెక్కుతాయి, చెక్కిన పొడి కన్వేయర్ మీదుగా ముందు నడిచే టిప్పర్లో పడుతుంది. పళ్ళు వేడెక్కకుండా, దుమ్ము లేవకుండా నీళ్ళు చిమ్ముతూనే ఉంటుంది. అయినా దుమ్ము కొంత లేస్తుంది, చప్పుడైతే చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు గలగల్లాడతాయి. గోడకు తగిలించిన పటాలు వంకర తిరగొచ్చు. వీధి వైపు కిటికీలు మూసుకోండి, ఆరేసిన బట్టలు లోపలికి తీసుకోండి.

"ఉన్నదాని మీదే ఇంకో పొర వేసేస్తే పోదా, గీకడం ఎందుకు?" అని ప్రతి వీధిలోనూ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వేసేస్తే పోతుంది, ఒక్కసారికైతే. గీకకుండా 40 మిల్లీమీటర్లు వేస్తే రోడ్డు 40 పెరుగుతుంది. మూడుసార్లు వేస్తే 120. అంచున ఉన్న కెర్బ్ రాయి ఎత్తు సాధారణంగా 150 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అంటే మూడో పొర తర్వాత రోడ్డుకూ కెర్బ్‌కూ తేడా 30 మిగులుతుంది. ఆ తర్వాత వాన నీటికి డ్రైను దారి కంటే మీ గేటు దారే తేలిక. రోడ్డు పెరిగి ఇల్లు గుంటలో పడ్డ వీధులు చాలానే చూశాను. ఆ ఇళ్ళవాళ్ళు గడపలు ఎత్తుకుంటూ, మెట్లు పూడ్చుకుంటూ ఉంటారు. నా వరకు రోడ్డు నలుపుకంటే రోడ్డు మట్టం ముఖ్యం. ఎవరైనా మీ వీధికి తారు వేస్తామంటే ముందు అడగాల్సిన మాట ఒక్కటే: గీకుతారా, ఎంత లోతు గీకుతారు?

గీకిన పొడి వృథా పోదు. కంకర, పాత తారు అందులోనే ఉన్నాయి కాబట్టి కంకర, తారు వేడిగా కలిపే ప్లాంటులో కొత్త మిశ్రమంలో కొంత పాళ్ళు కలుపుతారు, లేదా రోడ్డు పక్కనుండే మట్టి అంచులకు వాడతారు. ఒకాయన రెండు టిప్పర్లు తన ఖాళీ స్థలంలో పోయించమన్నారు. అది నా చేతిలో లేదు, పొడి లెక్క ప్రకారం యార్డుకు వెళ్ళాలి.

మధ్యాహ్నం దాకా సాఫీగా జరిగింది. ఆ తర్వాత ఒక కారు దగ్గర మెషిన్ ఆగింది. హారన్ కొట్టాం, గేటు తట్టాం, ఫోన్ చేశాం. ఓనరు ఊళ్ళో లేరు, తాళం ఆయన దగ్గరే ఉంది. చాలాచోట్ల ఇలాంటప్పుడు కారు చుట్టూ తిరిగి వెళ్ళిపోతారు. కారంత మేర పాత రోడ్డు ఎత్తుగా మిగిలిపోతుంది, దానిమీద తారు సగం మందానికే పడుతుంది, మొదట లేచిపోయేది అక్కడే. మేం కారును చక్రాల ట్రాలీల మీదకెక్కించి పక్కకు నెట్టాం. జరిపే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకున్నాం, పక్కింటివాళ్ళను సాక్షిగా నిలబెట్టాం. అందుకు పట్టిన సమయంలో ఇంకో నాలుగైదు ఇళ్ళ ముందు పని అయిపోయేది.

మూతల చుట్టూ పెద్ద మెషిన్ వెళ్ళదు. అక్కడ చేత్తో పట్టుకునే బ్రేకర్ యంత్రంతో పగలగొట్టాలి. ఆ చప్పుడు మెషిన్ చప్పుడుకంటే చెవికి కష్టం, కానీ మూతకు పది నిమిషాలే.

సాయంత్రానికి వీధి దున్నిన చేనులా ఉంది. ఇక్కడ ద్విచక్ర వాహనాలు నడిపేవాళ్ళకు ఒక మాట. గీకిన రోడ్డు మీద నిలువు చాళ్ళు ఉంటాయి, ముందు చక్రం వాటిలోకి జారి హ్యాండిల్ అటూ ఇటూ ఊగినట్టనిపిస్తుంది. బిగించి పట్టుకుని పోరాడొద్దు, వేగం తగ్గించి తిన్నగా పోనివ్వండి, ముందు బ్రేకు గట్టిగా నొక్కొద్దు. మూతలు ఇప్పుడు నేలకంటే ఎత్తుగా నిలబడి ఉంటాయి. వాటి చుట్టూ వాలుగా మిశ్రమం దట్టించాం, రాత్రికి కనబడేలా కోన్లు పెట్టాం. కోన్లు దయచేసి పక్కకు తీయకండి. గేటు దగ్గర 40 మిల్లీమీటర్ల మెట్టు పడుతుంది. కారుకు పెద్ద లెక్క కాదు గానీ చక్రాల కుర్చీకి, స్ట్రెచర్‌కి అది గోడతో సమానం. అడిగిన రెండు ఇళ్ళకు చెక్కతో వాలు పెట్టించాను. అడగనివాళ్ళకు నాకు తెలియదు కదా, అడగండి.

ఎవరూ కనబడని రోజులు

ఈ రోజుల గురించే అసలు డైరీ రాయాలనిపించింది. మెషిన్ వెళ్ళిపోతుంది, వీధి గరుకుగా పడి ఉంటుంది, రోజూ ఇద్దరు ముగ్గురు మనుషులు తప్ప ఎవరూ ఉండరు. గీకి వదిలేసి పోయారని, బిల్లులు రాలేదేమోనని, కాంట్రాక్టరు పారిపోయాడని రకరకాల కథలు. నేను గేటు ముందు నుంచి వెళ్తే చాలు, "ఏమండీ, ఇంకెన్నాళ్ళు?"

ఆ ఇద్దరు ముగ్గురు చేస్తున్న పని చూడండి. ఒక దారం వీధికి అడ్డంగా, కొత్త రోడ్డు రాబోయే మట్టానికి లాగి కడతారు. మూత చట్రాన్ని ఆ దారానికి సరిగ్గా తాకేలా పైకి లేపి, కింద కాంక్రీటు పోస్తారు. ఆ కాంక్రీటు గట్టిపడకుండా దానిమీదుగా బరువైన రోలర్ పోతే చట్రం కుంగుతుంది. కుంగిన మూత మీద రాత్రి పూట ఒక్క బండి పోతే "ధడ్" మని వచ్చే చప్పుడు ఆ పక్కింటివాళ్ళు ఏళ్ళ తరబడి వింటారు. పది మిల్లీమీటర్ల తేడా చాలు ఆ చప్పుడుకు. కొన్నిచోట్ల మూతలను తారు వేశాక కోసి పైకి లేపుతారు. అదీ తప్పు పద్ధతేం కాదు, కానీ కొత్త పొరకు కోత పెట్టడం నాకిష్టం ఉండదు.

చతురస్రాలు కోసిన చోట తవ్వకం కూడా ఈ రోజుల్లోనే. ఒక గుంతలో అనుకున్నదానికంటే లోతుకు బురద తగిలింది. పక్కనున్న ఇంటి నీటి పైపు సన్నగా కారుతోంది. ఎన్నాళ్ళుగా కారుతోందో. పైన పగులు కనిపించడానికి కారణం అదీ. పైపు సరిచేయకుండా గుంత పూడిస్తే ఏడాది తిరిగేలోపు మళ్ళీ అక్కడికే రావాలి. పైపువాళ్ళు వచ్చి బిగించి వెళ్ళేదాకా ఆ గుంతకు బ్యారికేడ్ కట్టి ఉంచాం.

దుమ్ము గురించి ఫిర్యాదులు వచ్చాయి, న్యాయమైనవే. పొద్దున, సాయంత్రం నీళ్ళు చల్లిస్తున్నాం. ఉబ్బసం ఉన్నవాళ్ళు, పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు వీధి వైపు గది వదిలి వెనక గదిలో పడుకుంటే ఈ నాలుగు రోజులు కాస్త నయం.

వాన

పరచాలనుకున్న రోజుకు ముందు రాత్రి వాన పడింది. గీకిన రోడ్డులో ఎక్కడెక్కడ నీళ్ళు నిలిచాయో పొద్దున్నే వెళ్ళి సుద్దముక్కతో గీతలు గీశాను. ఇంత మంచి లెవల్ సర్వే ఏ పరికరమూ చేసిపెట్టదు. రెండు చోట్ల నీరు డ్రైను వైపు కాకుండా గేట్ల వైపు చూస్తోంది. అక్కడ ముందుగా సన్నటి సర్దుబాటు పొర వేసి వాలు తిప్పాలి.

వాన ఆగి ఎండ వచ్చాక "ఇప్పుడు వేయొచ్చుగా" అన్నారు. వేయకూడదు. 150 డిగ్రీల మిశ్రమం తడి నేల మీద పడితే కింద నీరు ఆవిరై పొరను పైకి నెడుతుంది, పాత రోడ్డుకు కొత్త పొర అతుక్కోదు. చాళ్ళలో తేమ ఆరడానికి ఒక పూర్తి ఎండ కావాలి. ప్లాంటుకు ఫోన్ చేసి లోడ్లు రద్దు చేశాను. కార్లు వీధి బయట పెట్టి వచ్చినవాళ్ళందరూ మళ్ళీ లోపలికి తెచ్చుకున్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమైంది. నోటీసులో రెండో తేదీ రాసి ఉండటం వల్ల మాట పడలేదు, అంతే.

జిగురు

ఇవాళ వేకువనే ఊడ్చడం మొదలైంది. ముందు చీపుళ్ళు, తర్వాత కంప్రెసర్ గాలి. చాళ్ళలో పొడి మిగిలితే జిగురు పొడికి అంటుకుంటుంది గానీ రోడ్డుకు అంటుకోదు. ఊడ్చిన రోడ్డు మీద చెప్పు కాలితో రుద్ది, దుమ్ము లేవనంతవరకూ మళ్ళీ ఊడిపించాను.

తర్వాత ట్యాక్ కోట్. నీళ్ళలో తారును సన్నటి బిందువులుగా కలిపి చేసిన ఎమల్షన్ ఇది. చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాములు, అంతే. ఎక్కువ పోస్తే బాగా అంటుకుంటుందనుకోవడం పొరపాటు, మడుగు కడితే పై పొర దానిమీద జారుతుంది. స్ప్రే పడగానే రోడ్డంతా కాఫీ రంగులోకి వస్తుంది. తర్వాత చూస్తూ ఉండగానే అంచుల నుంచి లోపలికి నల్లబడుతుంది. నీరు ఆరి తారు విడిగా మిగిలిందన్నమాట. ఎండ బాగుంటే అరగంటలో అయిపోతుంది, మబ్బుగా ఉంటే గంట దాటుతుంది. గోధుమ రంగు మచ్చ ఒక్కటి మిగిలినా మిశ్రమం దించనివ్వను.

ఇళ్ళవాళ్ళకు మొత్తం పనిలో అన్నిటికంటే కష్టమైన గంట ఇదే. దాన్ని తొక్కితే చెప్పుకు అంటుకుంటుంది, చెప్పుతో ఇంట్లోకొస్తే గచ్చుకు, గచ్చు మీద నుంచి తివాచీకి. పిల్లలను, పెంపుడు కుక్కలను లోపలే ఉంచమని ప్రతి గేటు దగ్గరా నోటితో చెప్పాం. తెలియక తొక్కేస్తే కంగారు పడి పెట్రోలు పోయకండి. మరక కరిగి ఇంకా వెడల్పుగా పాకుతుంది, బండి మీద రంగు పాడవుతుంది, చర్మం మండుతుంది. గుడ్డతో వంటనూనె రాసి, కాసేపు నాననిచ్చి, తుడిచి, సబ్బుతో కడగండి. చేతికైనా కాలికైనా అదే మందు. బట్టకు పడితే మాత్రం పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోవద్దు.

పరిచిన పూట

మొదటి టిప్పర్ టార్పాలిన్ కప్పుకుని వచ్చింది. టార్పాలిన్ లేకుండా వచ్చిన లోడు పైపొర చల్లారి గడ్డలు కడుతుంది. సూది థర్మామీటర్ గుచ్చి చూశాను, 152. బాగుంది. ప్లాంటు నుంచి వచ్చే మిశ్రమం 150, 160 డిగ్రీల మధ్య ఉండాలి. లోడు నుంచి నీలం పొగ లేస్తుంటే మరీ కాల్చారని, పొగే రాకుండా బిర్రబిగిసి ఉంటే చల్లారిందని అనుమానించాలి. మూడో లోడు దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని 118 దగ్గర వచ్చింది. వెనక్కి పంపించాను. డ్రైవరు ముఖం మాడ్చుకున్నాడు, పాపం అతని తప్పేం లేదు. కానీ చల్లారిన మిశ్రమం రోలర్ కింద అణగదు, గాలి ఖాళీలు మిగులుతాయి. అణిగిన పొరలో గాలి 8 శాతం దాటితే నీళ్ళు లోపలికి దారి చూసుకుంటాయి.

పేవర్, అంటే పరిచే మెషిన్, మిశ్రమాన్ని తొట్టిలో తీసుకుని వెనక స్క్రీడ్ అనే చదును పట్టీ కిందనుంచి పలకలా పరుస్తుంది. పరిచినప్పుడు 50 మిల్లీమీటర్లు, రోలింగ్ అయ్యాక 40. మూడు రోలర్లు దాని వెనకే. మొదటిది వణుకుతూ నొక్కే ఇనుప డ్రమ్ములది, రెండోది రబ్బరు చక్రాలది, మూడోది వణుకు లేకుండా నున్నగా సర్దేది. పలచటి పొర, చల్లటి గాలి వీస్తుంటే మొదటి రెండిటికీ కలిపి పావుగంట, ఇరవై నిమిషాలకంటే చేతిలో ఉండవు. 90 డిగ్రీల కిందికి దిగాక ఎన్నిసార్లు తొక్కినా రాయి నలుగుతుంది గానీ పొర బిగియదు. రోలర్ డ్రమ్ములకు తారు అంటుకోకుండా నీళ్ళు తడుపుతారు, అందుకే ఆ ఆవిరి. ఎవరైనా డీజిల్ పూస్తుంటే ఆపించండి, డీజిల్ తారును కరిగిస్తుంది.

వణికే రోలర్ దగ్గరికొచ్చినప్పుడు ఇంట్లో గిన్నెలు మోగాయని ఒక ఆవిడ పరిగెత్తుకొచ్చారు. "గోడ పగిలిపోద్దా నాయనా?" మామూలు ఇంటికి ఆ భయం అక్కర్లేదు. ఆవిడ ప్రహరీ మాత్రం పాతది, అప్పటికే బీటలు వారి ఉంది. అక్కడ వణుకు ఆపించి, మామూలుగానే ఇంకొన్నిసార్లు తొక్కించాను.

వీధిని సగం వెడల్పు చొప్పున వేశాం, ఒక పక్క ఎప్పుడూ నడిచే దారి ఉండేలా. మధ్యలో రెండు పట్టీలు కలిసే గీత కనబడుతుంది. గీత కనబడటం లోపం కాదు. గోరు దూరేంత సందు ఉంటే, లేదా అటుపక్క ఇటుపక్క ఎత్తు తేడా ఉంటే అప్పుడు అడగండి. మొదటి పట్టీ అంచును నిలువుగా కోసి, ఆ అంచుకు తారు పూసి, రెండో పట్టీని దానికి ఆనించి నొక్కాలి. పూత మరిచిపోతే మొదట విచ్చుకునేది ఆ అతుకే. నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

అంబులెన్సు వస్తే ఏం చేస్తారని అడిగారు. సగం రోడ్డు తెరిచే ఉంటుంది. అదీ కుదరకపోతే వేడి తారు మీదనుంచే పంపించేస్తాం. చక్రాల గుర్తులు మేం చూసుకుంటాం.

ఇక చివరి టిప్పర్ దగ్గర మామూలే: "బాబూ, మిగిలిన నాలుగు తట్టలు మా గేటు ముందు వేయించరాదూ?" వేయించను, మొండితనం కాదు. గేటు ముందు వాలు కోసం వేసే ఆ నాలుగు తట్టలు రోడ్డు అంచున కాలువలోకి పొడుచుకొస్తాయి, వాన నీటికి అడ్డుకట్ట అవుతుంది, నీళ్ళు పైనున్న పక్కింటి ముందు నిలుస్తాయి. గేటు లోపలి వాలు మీది, బయటి వాలు వీధిది.

తెరిచాక

రోడ్డు ఉపరితలం 60 డిగ్రీల కిందికి దిగాక బండ్లను వదిలాం. ఎండాకాలం అయితే ఇందుకు చీకటి పడాలి. వదిలినంత మాత్రాన రోడ్డు పూర్తిగా గట్టిపడ్డట్టు కాదు. మొదటి కొద్దిరోజులు రెండు పనులు మానుకోండి. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పొద్దు, చక్రం కదులుతుండగానే తిప్పండి. లేకపోతే గుండ్రటి గీతలు పడతాయి. ద్విచక్ర వాహనం సైడ్ స్టాండ్ కింద చిన్న చెక్క గానీ రేకు గానీ పెట్టండి. మధ్యాహ్నం ఎండలో స్టాండ్ కొస దిగబడిన గుంత బొటనవేలంత ఉంటుంది, దాన్ని పూడ్చడం కంటే ముందే చెక్క పెట్టడం తేలిక. బరువైన నీళ్ళ ట్యాంకరు ఒకేచోట గంటలు నిలబెట్టకండి. డీజిల్, ఇంజనాయిల్ కారే బండి అసలే వద్దు.

వాసన ఒకటి రెండు రోజుల్లో పోతుంది. రోడ్డు మీద వదులు చిప్స్, అంటే చిన్న కంకర ముక్కలు, కొన్ని ఉంటాయి, ఊడిపించాం, ఇంకా కొన్ని రాలతాయి. స్టీరింగ్ గీతలు బండ్లు తిరగ్గా తిరగ్గా కలిసిపోతాయి. కొన్ని నెలలకు నలుపు తగ్గి బూడిద రంగు తేలుతుంది. పైనున్న తారు పూత అరిగి రాయి బయటపడటమే అది, నాణ్యత తగ్గడం కాదు. నల్లగా లేదని ఫిర్యాదు చేసేవాళ్ళు గుంతలో నీళ్ళు నిలిచిందని ఫిర్యాదు చేయకపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

కోర్లు, నీళ్ళు

"నిన్న వేశారు, ఇవాళ బొక్కలు పెడుతున్నారు!" డ్రిల్లు మెషిన్ చుట్టూ పదిమంది. పరీక్ష కోసం కోర్, అంటే నమూనా దిమ్మ, తీస్తున్నాం అని చెప్పి, తీసినదాన్ని వాళ్ళ చేతికే ఇచ్చాను. అరచేతిలో పట్టేంత గుండ్రటి రాతి ముక్క. పైన నల్లటి కొత్త పొర, దానికింద వెంట్రుకంత సన్నటి జిగురు గీత, కింద పాత రోడ్డు. స్కేలు పెట్టి కొలిచి చూపించాను: 41 మిల్లీమీటర్లు. రెండు చేతులా పట్టుకుని విరవమన్నాను. ఒక కుర్రాడు బాగానే ప్రయత్నించాడు. గీత దగ్గర విడిపోతే ఊడ్చడంలోనో, ఎమల్షన్‌లోనో ఎగవేత ఉన్నట్టు. విడిపోలేదు. ఆ దిమ్మ ల్యాబుకు వెళ్తుంది, అక్కడ సాంద్రత చూస్తారు. తీసిన గుంతలను అదే మిశ్రమంతో నింపి కొట్టి పూడ్చాం.

తర్వాత మూడు మీటర్ల సరళపట్టీని రోడ్డు మీద పొడవుగా పెట్టి, కింద సందు ఎక్కడెక్కడ ఉందో చూసుకుంటూ వెళ్ళాం. ఆ పరీక్ష త్వరగానే అయిపోయింది. అసలు పరీక్ష ట్యాంకరుది. రోడ్డు మధ్య నుంచి అంచులకు 2 నుంచి 2.5 శాతం వాలు ఉండాలి, అంటే ఆరు మీటర్ల రోడ్డులో మధ్య భాగం అంచుకంటే 60, 75 మిల్లీమీటర్లు ఎత్తు. కాగితం మీద ఇంత ఉందని రాయడం వేరు. ట్యాంకరు పైపు విప్పి మధ్యలో నీళ్ళు వదిలి, నీళ్ళతో పాటు నడిచాను. సుద్ద గీతలు గీసుకున్న రెండు చోట్లా నీరు ఈసారి డ్రైను వైపే తిరిగింది. మూడో చోట, వీధి మలుపు దగ్గర, ప్లేటంత మేర నిలిచిపోయింది. అది నా లెక్కలో దాటవేయదగ్గది కాదు. అక్కడ ఒక మీటరు పట్టీ కోసి మళ్ళీ వేయాలని రాసుకున్నాను. ఆ ఇంటివాళ్ళకు ఇంకో పూట ఇబ్బంది, వాళ్ళకు ముందే చెప్పి వచ్చాను.

మిగిలినవి

మలుపు దగ్గర పట్టీ కోసి వేశాం, నీళ్ళు పోసి చూశాం, పోతోంది. తెల్ల గీతలు ఇంకో వారం ఆగాక. కొత్త తారు మీద నూనె జిడ్డు కొంత ఉంటుంది, వెంటనే వేస్తే రంగు పసుపు తిరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ పాత చోటే, పాత కొలతలకే వస్తుంది. మా ఇంటి ముందు ఇంకొకటి అని ముగ్గురు అడిగారు. అది ట్రాఫిక్ విభాగం అనుమతితో జరగాలి, మా రోలర్ వాళ్ళతో మాట్లాడుకుని జరిగేది కాదు. డ్రైను జాలీల్లో పడ్డ చిప్స్ ఇవాళ తీయించాం. మొదటి పెద్ద వాన తర్వాత మరోసారి తీయించాలి, ఈలోపు మీ ఇంటి ముందు జాలీ మూసుకుపోయి కనిపిస్తే సైట్ నంబరుకు చెప్పండి.

పక్క వీధి గీకుడు గురువారం నుంచి అనుకున్నాం. అక్కడ మురుగు లైను వాళ్ళ సంతకం ఇంకా రాలేదు. అది చేతికొచ్చేదాకా నోటీసు అంటించను.